ఇరాన్ కోసం బొమ్మలు వేస్తున్న చెల్లికి

చెల్లీ,

నువ్వు పంపిన బొమ్మలు చూశాను. గీతలో బలం ఉంది, రంగు మీద పట్టు కూడా వస్తోంది. మిగతాది సాధనతో వస్తుంది, దాని గురించి రాయను. ఇరాన్‌లో వీధిలోకి వచ్చినవాళ్ల బొమ్మల్ని నువ్వు ఇంకో దేశంలో, నీ గదిలో కూర్చుని ట్యాబ్ మీద వేస్తున్నావు. వాటివల్ల ఏ గొడవ వచ్చినా పోలీసులు కొట్టేది నీ తలుపు కాదు. అందుకే పోస్ట్ నొక్కే ప్రతిసారీ ఒక్కటి ఆలోచించు: ఇది తేడా కొడితే ఎవరి నెత్తిన పడుతుంది?

ఊరికే భయపెట్టడం లేదు. పార్లమెంటు సభ్యులకు జంతువుల తలలు పెట్టి కార్టూన్ వేసిన అతేనా ఫర్గదానీకి 2015లో 12 ఏళ్ల 9 నెలల జైలుశిక్ష వేశారు. అప్పీలులో తగ్గాక 2016లో బయటికొచ్చింది. ర్యాప్ పాడే తూమాజ్ సాలెహీకి 2024 ఏప్రిల్‌లో ఏకంగా మరణశిక్షే వేశారు. జూన్‌లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. 2022 అక్టోబరులో, చిందిన రక్తానికి గుర్తుగా ఎవరో రంగు కలిపితే టెహ్రాన్ ఫౌంటెన్లలో నీళ్లు ఎర్రబడ్డాయి, గుర్తుందా? ఆ పని చేసినవాళ్లు పేరు బయటపెట్టలేదు. లోపలివాళ్లు అలా పేరు దాచుకుంటుంటే, బయట ఉన్న మనం సంతకం బొమ్మకు ఏ మూల బాగుంటుందా అని చూసుకుంటాం!

నీ సంతకం తీసేయమనను. అక్కడ నీకు అయినవాళ్లు ఎవరూ లేరు కాబట్టి పెట్టుకో, బాధ్యత నీదని తెలుస్తుంది. చిన్నగా చాలు. నీకు ఫార్సీ అక్షరాలు రాసిచ్చిన స్నేహితురాలి పేరు మాత్రం, తను నోరు తెరిచి సరే అంటే తప్ప, ఎక్కడా రాకూడదు. వాళ్ల అమ్మానాన్నలు అక్కడే ఉన్నారన్నావు కదా. థ్యాంక్స్ అంటూ ట్యాగ్ చేయడం కూడా వద్దు. లేయర్లున్న అసలు ఫైలు ఎవరికీ పంపకు, లేయర్ల పేర్లలోనూ ఫైలు వివరాల్లోనూ మనుషుల పేర్లు ఉండిపోతాయి.

గుంపు బొమ్మ ఏదో ఫొటో మీద పెట్టి గీసినట్టుంది. ముందున్న అమ్మాయి ముఖం మార్చావు, మంచిదే. కానీ ఆమె బ్యాగు, బూట్లు, వెనక షాపు బోర్డు అలాగే ఉంచేశావు. అసలు ఫొటో చేతిలో ఉన్నవాడికి ఆ మాత్రం చాలు. ఫొటోకు లేని వెసులుబాటు బొమ్మకు ఉంది: మనిషిని పూర్తిగా మార్చేసినా జరిగిన సంగతి మారదు. నాలుగైదు ఫొటోలు బాగా చూడు, అన్నీ మూసేయ్, తర్వాత గుంపును నీ బుర్రలోంచి దించు. చనిపోయినవాళ్ల ముఖాల సంగతి వేరు. హిజాబ్ సరిగా వేసుకోలేదని పోలీసులు పట్టుకెళ్లాక చనిపోయిన మహసా జీనా అమీనీ ఫొటో లోకమంతా చూసింది. అంతగా తెలియనివాళ్లయితే, ఇంటివాళ్లే ఆ ఫొటో బయటపెట్టారా అన్నది తేల్చుకో. నోరు మూసుకోమని ఆ కుటుంబాల మీదా ఒత్తిడి ఉంటుంది.

ఇక మొదటి బొమ్మ. ఎగిరే జుట్టు, తెగిన సంకెల, పైన పావురం. 2022 సెప్టెంబరు 16న అమీనీ చనిపోయాక ఆ జుట్టును చాలామంది వేశారు, ఇప్పుడు చూసేవాళ్ల కన్ను దాని మీద ఆగదు. అంతకంటే పెద్ద చిక్కు, కాళ్ల కింద నలుగుతున్నట్టు నువ్వు వేసిన స్కార్ఫ్. తలకు ముసుగు వేసుకునే ఆడవాళ్లు కూడా, అమీనీ చావుతో లేచిన ఆ ఉద్యమంలో నడిచారు. వాళ్ల పేచీ గుడ్డతో కాదు, బలవంతంతో. ఇంకో దేశంలో ముస్లిం ఆడపిల్లల్ని ఏడిపించేవాడు నీ బొమ్మ చూసి చప్పట్లు కొడితే, అది ఎవరికి పనికొచ్చినట్టు?

టెహ్రాన్ ఒక్కటే ఇరాన్ కాదు. అమీనీది సక్కెజ్, కుర్దుల ఊరు. 'జిన్, జియాన్, ఆజాదీ' (స్త్రీ, జీవితం, స్వేచ్ఛ) అనే కుర్దిష్ నినాదం ఆమె అంత్యక్రియల్లోనే వినపడింది. అదే ఏడాది సెప్టెంబరు 30, శుక్రవారం, జాహెదాన్ అనే ఊళ్లో భద్రతా దళాల కాల్పుల్లో పదుల సంఖ్యలో జనం చనిపోయారు, ఎక్కువమంది బలూచీలు, అక్కడి ఇంకో మైనారిటీ జాతివాళ్లు. అక్టోబరులో అసలూయే అనే ఊళ్లోని పెట్రోకెమికల్ కార్మికులు సమ్మెకు దిగారు. వీటి మీద నేను చూసిన బొమ్మలు తక్కువ. నీకు చేతినిండా పని అక్కడుంది.

బొమ్మ అక్కడివాళ్ల చేతికి అందాలి కూడా. 2019 నవంబరులో దాదాపు వారం పాటు ఇంటర్నెట్ ఆపేశారు, 2022లో ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ అడ్డుకున్నారు. ఆ అడ్డు దాటడానికి వాడే వీపీఎన్‌తో నత్తనడక నడిచే ఫోన్‌లో నీ భారీ ఫైలు తెరుచుకోదు. తక్కువ సైజు ఫైలు ఒకటి పెట్టు. దాంతోపాటు ఏ4 కాగితం మీద జెరాక్స్ తీసినా నిలబడేలా, మందపాటి గీతలతో నలుపు తెలుపుది ఇంకొకటి. నువ్వు ఇష్టపడే ఆ బూడిదరంగు షేడ్లన్నీ జెరాక్స్‌లో మురికిలా వస్తాయి, వదిలెయ్. ఫార్సీ పేస్ట్ చేస్తే కొన్ని సాఫ్ట్‌వేర్లలో అక్షరాలు విడిపోయి, వరుస కూడా తిరగబడుతుంది. నీ మూడో బొమ్మలో జరిగింది అదే. ఆ భాష చదివేవాళ్లు ఇద్దరు చూసేదాకా పోస్ట్ చేయకు.

హ్యాష్‌ట్యాగ్ తగిలించే ముందు అక్కడ ఏం నడుస్తోందో చూసుకో. 2020 జూన్ 2న, అమెరికాలో నల్లజాతివాళ్ల ఉద్యమానికి జనం మద్దతుగానే నల్ల చదరాలు పోస్ట్ చేశారు. చాలామంది వాటికి ఆ ఉద్యమం పేరైన బ్లాక్ లైవ్స్ మాటర్ ట్యాగ్ పెట్టడంతో, వీధిలో ఉన్నవాళ్లకు కావలసిన సమాచారం వాటి కింద కూరుకుపోయింది.

ప్రింట్లు అమ్మి డబ్బు పంపుతానన్నావు. 2019లో సూడాన్ నిరసనకారులకు మద్దతుగా జనం ప్రొఫైల్ బొమ్మలు నీలంగా మార్చుకుంటున్నప్పుడు, షేర్ చేస్తే చాలు అక్కడివాళ్లకు భోజనం పెడతామంటూ కొన్ని ఖాతాలు ఫాలోవర్లను పోగేసుకున్నాయి. భోజనం అందిన దాఖలా లేదు. నువ్వు అలాంటిదానివి కాదు, తెలుసు. కానీ ఆంక్షల వల్ల బయటి బ్యాంకుల నుంచి ఇరాన్‌కు డబ్బు పంపడమే గగనం. ఎవరికి, ఏ దారిన అన్నది తేలకుండా ఆ మాట బొమ్మ కింద రాయకు. ఎవరైనా ఉచితంగా దింపుకోవచ్చని రాయి.

ముందు మూడో బొమ్మ సరిచేసి మీ స్నేహితురాలికి చూపించు. తను వద్దంటే కారణం అడక్కుండా పక్కన పెట్టెయ్. సరే అంటే ఆ నలుపు తెలుపు ఫైలు నాకు పంపు. ఇక్కడ జెరాక్స్ తీసి, ఏ గీతలు ఎగిరిపోతున్నాయో చెబుతాను.

ఉంటాను,
అక్క