‘రిలాక్స్ అవ్వు’ అంటే విరుచుకుపడుతోంది

ప్రశ్న: మా ఆవిడకు రొమ్ము క్యాన్సర్. ఎడమవైపు ఆపరేషన్ అయింది, ఇప్పుడు కీమో నడుస్తోంది. రెండు సైకిళ్లు పూర్తయ్యాయి. మూడోది దగ్గర పడేకొద్దీ నిద్ర పట్టడం లేదు, ఎప్పుడు చూసినా పళ్లు బిగపట్టుకుని ఉంటోంది. ఆస్పత్రి వాసన తగిలితే చాలు, మందు ఎక్కించకముందే వాంతి వచ్చేస్తోంది. ‘ధైర్యంగా ఉండు, రిలాక్స్ అవ్వు’ అంటే నా మీద విరుచుకుపడుతోంది. కండరాలు బిగించి వదిలే వ్యాయామంతో టెన్షన్ తగ్గుతుందని విన్నాను. నిజమేనా?

జవాబు: చాలామందికి తగ్గుతుంది. అయితే ముందు ‘రిలాక్స్ అవ్వు’ అనడం మానేయండి. ఎలా అవ్వాలో తెలిస్తే ఆమె ఈపాటికే అయ్యేవారు కదా!

ఆ వాంతి కూడా బెంగతో చేస్తున్న హడావిడి కాదు. మొదటి రెండుసార్లు పడ్డ వికారాన్ని ఆ వాసనతో ముడిపెట్టి శరీరం గుర్తుపెట్టుకుంది. కీమోలో ఇది కొత్తేమీ కాదు, దీనికి మందులున్నాయి. మూడో సైకిల్‌కు ముందే డాక్టర్‌కు చెప్పండి. ఈ వ్యాయామం ఆ మందులకు తోడుగా ఉంటుంది.

భయపడితే కండరాలు బిగుసుకుంటాయి. అవి బిగుసుకుని ఉన్నంతసేపూ ప్రమాదం ఇంకా పోలేదనే మనసుకు అనిపిస్తుంది. ఎడ్మండ్ జేకబ్సన్ అనే అమెరికా డాక్టర్ దాదాపు వందేళ్ల క్రితమే ఈ ముడిని కండరం వైపు నుంచి విప్పే పద్ధతి తయారుచేశారు. ఇందులో కావాలనే బిగించడం ఎందుకంటే, రోజూ బిగుసుకునే ఉన్న ఒంటికి వదులంటే ఏమిటో గుర్తుండదు.

కుడి పిడికిలితో మొదలుపెట్టించండి. ఉన్న బలమంతా పెట్టక్కర్లేదు, నొప్పి తెలియనంత వరకే. అయిదు నుంచి ఏడు సెకన్లు బిగించి, ఒక్కసారిగా వదిలేయాలి. తర్వాత 20, 30 సెకన్లు ఏమీ చేయకుండా ఆ చేతినే గమనించాలి. వేళ్లలో కాస్త వెచ్చదనం, అరచేయి బరువుగా పరుపులోకి దిగుతున్నట్టు ఉండటం... అసలు పని జరిగేది ఈ ఖాళీలోనే, తొందరపెట్టకండి. ఆ తర్వాత నుదురు, కళ్లు, పొట్ట, తొడలు, పాదాలు. పళ్లు ఇప్పటికే బిగపట్టుకుంటున్నారు కాబట్టి దవడ మళ్లీ బిగించవద్దు, పెదవులు కాస్త విడదీసి వదిలేస్తే చాలు. పిక్కల దగ్గర మెల్లగా, లేదంటే పట్టేస్తాయి.

ఎడమ చేయి, భుజం, ఛాతీ జోలికి సర్జన్ సరేనన్నాకే వెళ్లండి. సూది ఉన్నచోట, పోర్ట్ (కీమో ఎక్కించడానికి చర్మం కింద అమర్చే చిన్న పరికరం) ఉన్నచోట, నొప్పి ఉన్నచోట కూడా బిగించవద్దు. జబ్బు ఎముకలకు పాకినవాళ్లయితే డాక్టర్‌ను అడగకుండా మొదలుపెట్టనే కూడదు. ఇలాంటి చోట్ల ఆ భాగం మీద ధ్యాస పెట్టి, ఊపిరి వదులుతూ వదులు చేసుకుంటే సరిపోతుంది.

కీమో రోజు వరకూ ఆగకండి. ఈత నేర్చుకునేది వరదలో కాదు కదా. రోజూ ఓ పావుగంట, మామూలు రోజుల్లోనే అలవాటు కావాలి. అలవాటైతే కీమో కుర్చీలో బిగించే పని లేకుండానే వదలడం వస్తుంది. మధ్యలో నిద్రపోతే లేపకండి. కొందరికి కళ్లు మూసుకోగానే గుబులు పెరుగుతుంది. అలా అయితే కళ్లు తెరిచే చేయనివ్వండి, అప్పటికీ ఇబ్బందిగా ఉంటే ఆపేయండి.

దీంతో గడ్డ తగ్గదు. ఎవరైనా తగ్గుతుందంటే నమ్మకండి. దిగులు రెండు వారాలకు పైగా వదలకపోయినా, దేనిమీదా ఆసక్తి లేకపోయినా క్యాన్సర్ డాక్టర్‌తో చెప్పి మానసిక వైద్యుల దగ్గరకు తీసుకెళ్లండి. ‘బతకాలని లేదు’ అన్న మాట వినిపిస్తే మాత్రం ఆ రోజే వెళ్లాలి, ఒంటరిగా వదలకూడదు.

ఇక మీ సంగతి. ఈ ఉత్తరం రాస్తున్నప్పుడు మీ భుజాలు ఎక్కడున్నాయో చూసుకున్నారా? ఆమెకు చేయించడం కాదు, పక్కన పడుకుని మీరూ చేయండి. ‘ఇవాళ నావల్ల కాదు’ అంటే బతిమాలకండి. ఆ రోజుకు మీ పిడికిలి మీరు బిగించి, వదలండి.