డాక్టరమ్మని అడగండి: చీరల కింద దాచిన ట్యూబు

ప్రశ్న: మేడమ్ గారూ నమస్తే అండి. మాది నరసాపురం దగ్గర పల్లెటూరు, నాకు 54 ఏళ్లు, లేసు అల్లుతానండి. నెలసరి ఆగి ఐదేళ్లు దాటింది. రెండేళ్ల నుంచి కింద పొడిబారిపోయి మంట, దురద, గంటసేపు కూర్చుని అల్లితే లేవలేకపోతున్నా, ఒంటికి వెళ్తే చురచుర. వేడి చేసిందని సబ్జా తాగా, బార్లీ తాగా, కొబ్బరినీళ్లకైతే లెక్కే లేదు. ఏడాదిలో మూడుసార్లు యూరిన్ ఇన్ఫెక్షన్ అని యాంటీబయాటిక్స్ ఇచ్చారు. మా ఆయనతో కలిసి ఏడాది పైనే అయింది, ఇది రాయడానికే సిగ్గుగా ఉందండి. భీమవరంలో లేడీ డాక్టర్ గారు లోపల పెట్టుకోమని ఎస్ట్రియోల్ క్రీమ్ రాసిచ్చారు. మా అమ్మాయి డబ్బాలో కాగితం చదివి ఇది హార్మోన్ అంటమ్మా, కాన్సర్, పక్షవాతం అని ఏదేదో రాసుంది వద్దు అంది. ట్యూబు బీరువాలో చీరల కింద పెట్టేసి రెండు నెలలైంది. వాడమంటారా?

జవాబు: వాడండమ్మా. సిగ్గుపడకుండా రాసినందుకు ముందు మీకు దండం పెట్టాలి, ఎందుకంటే ఇదే బాధ మీ వీధిలో ఇంకో నలుగురికి ఉండే ఉంటుంది, ఎవరూ బయటికి చెప్పరు.

మీకు వేడి చెయ్యలేదమ్మా. నెలసరి ఆగాక ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ తగ్గిపోయి యోని లోపలి పొర, మూత్రం వచ్చే దారి రెండూ పల్చబడిపోతాయి, అక్కడ మనకి కాపలా ఉండే మంచి బ్యాక్టీరియా తగ్గిపోయి పులుపుదనం పోతుంది, దాంతో పేగుల్లోంచి వచ్చే సూక్ష్మజీవులు సులువుగా మూత్రాశయానికి ఎక్కేస్తాయి, మీ మూడు ఇన్ఫెక్షన్ల వెనకా ఇదే ఉండొచ్చు. ఒంట్లో ఆవిర్లు రావడం చాలామందికి కొన్నేళ్లకి తగ్గుద్ది, ఇది మాత్రం వదిలేస్తే తగ్గకపోగా పెరుగుద్ది. కొబ్బరినూనె రాస్తే రాపిడి తగ్గుద్ది, కాదనను, కానీ పొర మందం పెరగదు కదా.

ఇక ఆ కాగితం సంగతి. 2002లో అమెరికాలో ఒక పెద్ద పరిశోధన ఫలితాలు వచ్చాయి, నోటితో రోజూ రెండు రకాల హార్మోన్లు కలిపిన మాత్రలు వేసుకున్నవాళ్లలో రొమ్ము కాన్సర్, పక్షవాతం, రక్తం గడ్డలు కొంచెం పెరిగాయని. ఆ తర్వాత హెచ్చరికేమో మాత్ర, క్రీమ్ అని తేడా లేకుండా ఈస్ట్రోజెన్ మందులన్నిటి మీదా వేసేశారు, దాన్ని చదివి భయపడి ఎంతమంది ఈ బాధ ఊరికే పడ్డారో తలుచుకుంటే నాకు చాలా బాధేస్తుంది. 2025 నవంబర్‌లో అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏనే ఆ హెచ్చరిక తీయిస్తామని ప్రకటించింది. అమ్మాయిని మాత్రం తప్పు పట్టకండి, రాసున్నదే చదివింది పాపం.

తేడా మీకు తెలిసిన లెక్కలో చెప్తా. మాత్ర అంటే కాలువ లాకులు ఎత్తి ఆయకట్టు మొత్తానికీ నీళ్లు వదలడం, క్రీమ్ అంటే ఆకుమడికి బోదెలో కాసిన్ని పారించడం. లోపల పెట్టుకునే 10 మైక్రోగ్రాముల ఈస్ట్రోజెన్ బిళ్లలుంటాయి, అవి ఏడాదంతా పద్ధతి ప్రకారం వాడినా మొత్తం కలిపి 1 మిల్లీగ్రాము చిల్లరే, నోటి మాత్రలో ఆ 1 మిల్లీగ్రాము ఒక్క రోజుది. మీ ఎస్ట్రియోల్ అయితే ఈస్ట్రోజెన్లలోనే బలహీనమైంది. ఈ తక్కువ మోతాదుకి గర్భసంచి ఉన్నా వేరే ప్రొజెస్టిరాన్ (ఇంకో ఆడ హార్మోన్) మాత్ర మామూలుగా అవసరం ఉండదు. ఎస్ట్రియోల్ క్రీమ్ మీదే 1993లో ఒక స్టడీ వచ్చింది, మాటిమాటికీ యూరిన్ ఇన్ఫెక్షన్ వచ్చే పెద్దవాళ్లలో క్రీమ్ వాడినవాళ్లకి ఏడాదికి సగటున 0.5 సార్లు వస్తే, ఉత్తుత్తి క్రీమ్ వాడినవాళ్లకి 5.9 సార్లు వచ్చింది. 

వాడే పద్ధతి మీ డాక్టర్ గారు రాసిందే ఫైనల్, మామూలుగా అయితే మొదటి రెండు మూడు వారాలు రోజూ రాత్రి, తర్వాత వారానికి రెండు రాత్రులు. పడుకునే ముందు వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, అప్లికేటర్‌లో గీత దాకా నింపి నెమ్మదిగా లోపలికి పెట్టి నొక్కండి, తర్వాత గోరువెచ్చటి నీళ్లు, సబ్బుతో అప్లికేటర్ కడిగి ఆరబెట్టండి. మొదట్లో నాలుగు రోజులు కాస్త మంట ఉండొచ్చు, పొర పల్చగా ఉంది కాబట్టి. వారానికే ఏం గుణం లేదని మానేయకండి, పూర్తిగా తెలియడానికి రెండు మూడు నెలలు పడుతుంది, తగ్గాక మానేస్తే మళ్లీ మొదటికొస్తుంది. కలవడానికి ముందు జారుడు కోసం మాత్రం ఈ క్రీమ్ రాయకండి, మందు ఆయన ఒంటికి కూడా అంటుతుంది, దానికి వేరే జెల్ దొరుకుతుంది. యాంటీసెప్టిక్ లోషన్ కలిపిన నీళ్లతో కడుగుతుంటే ఇవాళే ఆపేయండి. దురద ఉందన్నారు కదా, ఒకసారి షుగర్ కూడా చూపించుకోండి.

ఒక్కటి గట్టిగా చెప్తున్నా, నెలసరి ఆగి ఏడాది దాటాక చుక్క రక్తం కనిపించినా, క్రీమ్ వాడుతున్నా వాడకపోయినా, వెంటనే డాక్టర్‌కి చూపించాలి, అదేంటో తేలేదాకా క్రీమ్ మొదలుపెట్టకూడదు.

ప్రశ్న: నాకూ ఎస్ట్రియోల్ క్రీమే రాశారండి. మా వదినకి రొమ్ము కాన్సర్ ఆపరేషన్ అయి మూడేళ్లు, రోజూ లెట్రోజోల్ బిళ్ల వేసుకుంటుంది. ఆవిడకీ నాలాగే కింద పొడిబారి మంట. ఆవిడా క్రీమ్ వాడొచ్చా? (పాలకొల్లు)

జవాబు: సొంతంగా వద్దమ్మా, మీ ట్యూబు ఆవిడకి అస్సలు ఇవ్వొద్దు. లెట్రోజోల్ పనే ఒంట్లో ఈస్ట్రోజెన్‌ని బాగా తగ్గించడం, అందుకే ఆవిడకి మంట ఇంకా ఎక్కువ ఉండొచ్చు. ముందు హార్మోన్ లేని వెజైనల్ మాయిశ్చరైజర్ వారానికి రెండు మూడుసార్లు వాడి చూడమనండి, దానికీ తగ్గకపోతే ఆవిడ కాన్సర్ డాక్టర్ గారినే అడగాలి, వాళ్లు లాభనష్టాలు చూసి చెప్తారు. ఆయన మగ డాక్టర్, ఎలా అడగాలి అని ఆవిడ మొహమాటపడితే చీటీ మీద రాసి ఇమ్మనండి.