ఒక మానిటరు, రెండు కంప్యూటర్లు: స్విచ్ కొనేముందు ఓసారి వెనక్కి చూడండి

పాలకొల్లు నుంచి ఒకావిడ రాశారు. "ఆఫీసు ల్యాప్‌టాప్ ఒకటి, ఇంటి డెస్క్‌టాప్ ఒకటి ఉన్నాయండి, మానిటరు కీబోర్డు మౌస్ మాత్రం ఒక్కటే సెట్టు. పగలు నా ఆఫీసు పని, రాత్రి మావారి రైసుమిల్లు లెక్కలు. రోజూ కేబుల్ పీకడం పెట్టడంతో ల్యాప్‌టాప్ హెచ్‌డీఎంఐ పోర్టు లూజైపోయింది. కేవీఎం స్విచ్ (ఒకే మానిటరు, కీబోర్డు, మౌస్‌ని రెండు కంప్యూటర్లకి మార్చే పెట్టె) కొనమంటున్నారు, ఆన్‌లైన్లో చూస్తే కొన్ని వందల్లో ఉన్నాయి, కొన్ని వేలల్లో ఉన్నాయి, ఏది తీసుకోమంటారు?"

తీసుకునేముందు ఆ మానిటర్ని కాస్త ఇటు తిప్పి వెనకాల ఎన్ని పోర్టులున్నాయో చూడండి. చాలామందికి ఇక్కడే సగం ఖర్చు తగ్గిపోతుంది. హెచ్‌డీఎంఐ ఒకటి, డిస్‌ప్లేపోర్టో వీజీఏనో ఇంకొకటి ఉన్నాయనుకోండి, ల్యాప్‌టాప్‌ని ఒకదానికి డెస్క్‌టాప్‌ని ఇంకోదానికి పర్మనెంటుగా తగిలించేయండి, బొమ్మ మార్చడానికి మానిటరు బటనే చాలు. ఇక మిగిలింది కీబోర్డు, మౌస్. వాటికి ఉత్త యూఎస్‌బీ స్విచ్ అని వేరే దొరుకుతుంది, వందల్లోనే వస్తుంది. మారినప్పుడల్లా రెండు బటన్లు నొక్కాలి, అదొక్కటే చిరాకు. రోజుకి రెండుమూడు సార్లు మారేవాళ్లకి ఇది చాలండి, నేనైతే మీకు ఇదే చెప్తాను.

మానిటరుకి ఒక్కటే పోర్టుందా, లేదా గంటకి పదిసార్లు అటూ ఇటూ మారాలా, అప్పుడు కేవీఎం తీసుకోండి. కీబోర్డు, వీడియో, మౌస్ మూడూ ఒకే బటనుతో మారతాయి. ధరలో తేడా ముఖ్యంగా ఎక్కడొస్తుందంటే, మొదటిది బొమ్మ. పాత హెచ్‌డీఎంఐ 1.4 రకం పెట్టెలు 4కే (ఫుల్ హెచ్‌డీకి నాలుగింతల చుక్కలున్న) బొమ్మని 30 హెర్ట్జ్ దగ్గరే, అంటే సెకనుకి 30 సార్లు మారేలా ఆపేస్తాయి, మౌస్ కదిలిస్తే బాణం గుర్తు ఈడ్చుకుంటూ వస్తున్నట్టుంటుంది. 4కేకి 60 హెర్ట్జ్ కావాలంటే కనీసం హెచ్‌డీఎంఐ 2.0 ఉండాలి. మీది మామూలు ఫుల్ హెచ్‌డీ మానిటరైతే 1.4 కూడా శుభ్రంగా పనిచేస్తుంది, 4కే పేరు చూసి ఎక్కువ పెట్టక్కర్లేదు.

రెండోది అసలు సంగతి, దీని గురించి షాపులో ఎవరూ చెప్పరు. మానిటరు తన సైజు, రిజల్యూషన్ వివరాలు కంప్యూటరుకి చెప్పుకుంటుంది, దాన్నే ఈడీఐడీ అంటారు. చవక స్విచ్‌లో మీరు డెస్క్‌టాప్ వైపు మారగానే ల్యాప్‌టాప్ దృష్టిలో మానిటరు పీకేసినట్టే లెక్క, దాంతో మీరు తెరిచి పెట్టుకున్న ఎక్సెల్, మెయిలు, వాట్సాప్ విండోలన్నీ ల్యాప్‌టాప్ చిన్న స్క్రీన్ మీదకి కుప్పగా వచ్చిపడతాయి, తిరిగొచ్చాక మళ్లీ ఒక్కోదాన్నీ లాగి సర్దుకోవాలి. ఈడీఐడీ ఎమ్యులేషన్ అని రాసున్న స్విచ్ మానిటరు ఇంకా ఉన్నట్టే ల్యాప్‌టాప్‌ని నమ్మిస్తుంది. వేల రూపాయలు ఖర్చు పెట్టేదేదో దీనికి పెట్టండి.

వైర్‌లెస్ కీబోర్డు అయితే దాని డాంగిల్‌ని (యూఎస్‌బీలో గుచ్చే చిన్న రిసీవర్ని) స్విచ్ మీద కీబోర్డు బొమ్మ ఉన్న పోర్టులో కాకుండా పక్కనున్న మామూలు యూఎస్‌బీ పోర్టులో పెట్టి చూడండి, చాలా పెట్టెల్లో అక్కడే సరిగ్గా పలుకుతుంది. కాకపోతే స్క్రోల్ లాక్ రెండుసార్లు కొట్టి మారే సౌకర్యం అక్కడ పోవచ్చు, ఇప్పుడొచ్చే కొన్ని కీబోర్డుల్లో అసలు ఆ బటనే ఉండట్లేదనుకోండి. ఆ పోర్టుల్లో పెన్‌డ్రైవ్ మాత్రం వదిలేయకండి. కాపీ అవుతుండగా స్విచ్ నొక్కారా, పీకేసినట్టే, ఫైలు పాడవుతుంది. పైగా ఇంటి పెన్‌డ్రైవ్ ఆఫీసు ల్యాప్‌టాప్‌కి తగిలితే మీ ఐటీ వాళ్లు ఊరుకోరు.

లూజైన పోర్టు గురించి. మీ ల్యాప్‌టాప్‌కి టైప్-సి ఉండి, పక్కన డీపీ (డిస్‌ప్లేపోర్టు) గుర్తో థండర్‌బోల్ట్ మెరుపు గుర్తో ఉంటే దాంట్లోంచి వీడియో వస్తుంది. గుర్తు లేకపోయినా మోడల్ నంబరు కొట్టి వివరాల్లో చూడండి, కొన్నిట్లో టైప్-సి ఉన్నా వీడియో రాదు. వస్తే గనక టైప్-సి నుంచి హెచ్‌డీఎంఐకి కేబుల్ తీసుకుని ఆ లూజు పోర్టు జోలికే వెళ్లకండి.

స్విచ్ లేకుండా సాఫ్ట్‌వేర్‌తో అవుతుందా అని చాలామంది అడుగుతుంటారు. మైక్రోసాఫ్ట్ వాళ్ల పవర్‌టాయ్స్‌లో మౌస్ వితౌట్ బోర్డర్స్ అని ఉంది, ఉచితమే, కానీ అది కీబోర్డు మౌస్‌ల వరకే, మానిటరుని పంచదు, రెండు కంప్యూటర్లూ ఆన్‌లో ఉండి ఒకే నెట్‌వర్క్‌లో ఉండాలి. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో దాన్ని ఎక్కించనివ్వడం కూడా అనుమానమే.

మన డెల్టా ఇళ్లకి ప్రత్యేకంగా ఒకటి చెప్పాలి. పాత ఇళ్లలో ప్లగ్గుకి మూడు కన్నాలుంటాయి గానీ మూడోదాని వెనక చాలాచోట్ల ఎర్త్ వైరు ఉండదండి. ఎర్త్ లేని డెస్క్‌టాప్ క్యాబినెట్‌ని చెప్పుల్లేకుండా ముట్టుకుంటే చేతికి జివ్వుమంటుంది చూశారా, రెండు కంప్యూటర్లని ఒక స్విచ్‌కి కలిపితే ఆ లీకు కరెంటు కేబుల్ కవచం గుండా రెండో దాంట్లోకి వెళ్తుంది. హెచ్‌డీఎంఐ పెట్టేటప్పుడు చిటుక్కుమని నిప్పురవ్వ వచ్చేది అందుకే, పోర్టులు పోవడానికి అదొక కారణం. ముందు ఎలక్ట్రీషియన్ని పిలిచి ఎర్త్ చూపించండి. మన నేలలో ఎప్పుడూ తడి ఉంటుంది కాబట్టి ఎర్త్ బాగానే అందుతుంది, ఉప్పునీటి తావుల్లో మాత్రం పైపు తుప్పు పట్టి తినేస్తుంది, అప్పుడప్పుడు చూపించుకోవాలి. కేబుళ్లు మొదటిసారి తగిలించేటప్పుడు రెండు కంప్యూటర్లూ ఆపి ప్లగ్గులు తీసేయండి. స్విచ్‌కి విడిగా అడాప్టర్ ఉంటే దాన్నీ మానిటర్నీ కూడా యూపీఎస్ మీదే పెట్టండి, లేకపోతే కరెంటు పోయినప్పుడు కంప్యూటరు నడుస్తూనే ఉంటుంది, బొమ్మ మాత్రం ఉండదు.

భీమవరం దగ్గర్నుంచి ఇంకొకాయన అడిగారు. రొయ్యల చెరువు గట్టు మీద షెడ్డులో కెమెరాల డీవీఆర్ (వీడియో రికార్డు చేసే పెట్టె) ఉంది, మేతల లెక్క రాసుకునే కంప్యూటరు ఉంది, మానిటరు ఒక్కటే, దీనికి కేవీఎం పెట్టొచ్చా అని.

పెట్టొచ్చు గానీ మీకు అవసరం లేదండి. డీవీఆర్‌లకి సాధారణంగా వీజీఏ, హెచ్‌డీఎంఐ రెండూ ఉంటాయి, మానిటరుకీ ఆ రెండూ ఉంటే డీవీఆర్‌ని వీజీఏకి, కంప్యూటర్ని హెచ్‌డీఎంఐకి ఇవ్వండి, డీవీఆర్‌తో వచ్చిన చిన్న మౌస్ దానికే ఉంచేయండి. అంతకంటే తేలిక, రెండిట్నీ ఒకే రౌటరుకి లాన్ కేబుల్‌తో కలిపితే కంప్యూటరులోనే డీవీఆర్ కంపెనీ సాఫ్ట్‌వేర్ వేసుకుని ఏరియేటర్లు తిరుగుతున్నాయో లేదో ఒక మూల విండోలో చూస్తూ లెక్క రాసుకోవచ్చు. డీవీఆర్ బిగించినవాడు వదిలేసిన పాత పాస్‌వర్డే ఉంటే ముందు అది మార్చండి.