శాతం రాసే ముందు మోపు తూచు

పర్లాకిమిడి

అమ్మాయ్, ఆశీస్సులు.

నీ వ్యాసం అందింది. బడి చదువంతా ఒడియాలో సాగినా ఇంట్లో నేర్చుకున్న తెలుగుతో ఇంత శుభ్రంగా రాశావు, సంతోషం. ఇక నాకు కోపం తెప్పించిన చోటికి వస్తాను. రెండో పేజీలో ఇలా రాశావు: "1971లో దేశం వాడిన మొత్తం ఇంధనంలో 60 శాతానికి పైగా జీవ ఇంధనాలు, వ్యర్థాల నుంచే వచ్చేది. ఇప్పుడది 25 శాతం లోపుకి పడిపోయింది. అంటే మన పల్లెల్లో కట్టెల పొయ్యిలు ఆరిపోయాయన్నమాట."

మొదటి రెండు వాక్యాలు నిజం. వాటి పక్కన కూర్చోబట్టి మూడోది కూడా నిజంలాగే చెలామణీ అయిపోతోంది. కానీ అది అబద్ధం. నువ్వు కావాలని రాయలేదని నాకు తెలుసు. అందరూ అలాగే రాస్తున్నారు, నువ్వూ రాశావు.

తగ్గింది శాతం. సరుకు పెరిగింది. అంతర్జాతీయ ఇంధన సంస్థ లెక్కల్లో 1990లో జీవ ఇంధనాలు, వ్యర్థాల ఖాతా కింద, అంటే కట్టెలు, పిడకలు, పంట చెత్త లాంటివన్నీ కలిపి, మన దేశంలో కాలింది సుమారు 13 కోట్ల టన్నుల చమురుకు సమానం. 2013 నాటికి అది 18 కోట్లు దాటింది. అదే కాలంలో తాల్చేరు లాంటి చోట్ల తవ్విన బొగ్గు, ఓడల్లో దిగిన చమురు అంతకంటే చాలా వేగంగా పెరిగాయి కాబట్టి కట్టెల వాటా చిన్నదిగా కనిపిస్తోంది. అన్నదమ్ముల్లో ఒకడు తాడిచెట్టంత ఎదిగితే రెండోవాడు కుంగిపోయాడని రాస్తామా? శాతం రాసిన ప్రతిసారీ పక్కన అసలు పరిమాణం కూడా రాయి. ఈ ఒక్క మాట నా దగ్గర నేర్చుకుంటే చాలు, మిగతావి నేర్చుకోకపోయినా ఫర్వాలేదు.

పరిమాణం అంటే టన్నుల్లో రాసి ఊరుకోమని కాదు. ఇంధన లెక్కల పుస్తకంలో "చమురుకు సమానమైన టన్ను" అంటే కోటి కిలోకేలరీల వేడి. ఈ మాట చదివితే నీకేమైనా కనబడిందా? నాకు కనబడలేదు. వయసులో ఉన్నప్పుడు కొండల మీంచి మా ఊరి బజారుకి కట్టెలు తెచ్చే సవర ఆడవాళ్ళ గురించి రాయాలనుకున్నాను. మోపు ఎంత తూగుతుందని కట్టెల అడితీలో అడిగితే ఎవరూ చెప్పలేదు. వాళ్ళు మోపు లెక్కన కొంటారు, తూచరు. చివరికి ఒకామె దగ్గర మోపు కొని, సైకిలు మీద బియ్యం మిల్లుకి తీసుకెళ్ళి, గుమాస్తాని బతిమాలి కాటా ఎక్కించాను. పాతిక కిలోలకి కాస్త అటూ ఇటూ ఉంది. ఎండు కట్టె కిలోకి మూడున్నర వేల నుంచి నాలుగు వేల కిలోకేలరీలు ఇస్తుంది. అంటే లెక్కల పుస్తకంలోని ఒక్క టన్ను వెనక అలాంటి మోపులు నూరుకి పైగా ఉన్నాయి. ప్రతి మోపునీ ఎవరో ఒకరు, చాలాసార్లు ఒక ఆడది, నెత్తిన మోసి కొండ దిగింది. ఇప్పుడు 18 కోట్ల టన్నులు అను. అందులో పిడకలు, పంట చెత్త తీసేసినా ఆ బరువు ఎంతో నీకు తెలుస్తుంది.

ఆ వ్యాసం ఒక పత్రికకి పంపాను. సంపాదకుడు బరువు గురించిన పేరా మొత్తం కొట్టేసి, ఆమె చెవిపోగుల వర్ణన మాత్రం ఉంచాడు. "అంకెలు పాఠకులకి భారం" అని ఉత్తరం కూడా రాశాడు. చెవిపోగులు భారం కాలేదు మరి! నేనింక ఆ పత్రికకి ఒక్క ముక్క పంపలేదు. ఇప్పటి ధోరణి దీనికి తిరగబడింది. అంకెలకి రంగులద్ది బొమ్మ గీసేస్తారు, మనిషిని పూర్తిగా కొట్టేస్తారు. రెండింటిలోనూ ఆ పాతిక కిలోలకి చోటు లేదు.

ఇంకో సంగతి. బొగ్గుని గనిలో తూస్తారు, పెట్రోలుకి బంకులో మీటరుంది. కట్టెల పొయ్యికి మీటరు లేదు. కాబట్టి ఈ ఖాతాలో అంకె చాలావరకు అంచనా. ఇంటింటికీ వెళ్ళి అడిగిన సర్వేలే దానికి ఆధారం. 2011-12 జాతీయ నమూనా సర్వేలో పల్లె కుటుంబాల్లో 67 శాతం కట్టెలతోనే వండుతున్నామని చెప్పాయి. 2011 జనాభా లెక్కల్లో మన ఒడిశాలో గ్యాస్‌తో వండే ఇళ్ళు నూటికి పది కూడా లేవు. 2016లో పేద ఇళ్ళకి గ్యాస్ ఇచ్చే ఉజ్వల పథకం వచ్చాక ఇది బాగా మారింది. గ్యాస్ లేని ఇల్లు ఇప్పుడు మన వీధుల్లో వెతకాలి. అది చిన్న విషయం కాదు, పొగలో కళ్ళు పోగొట్టుకున్న ఆడవాళ్ళని చూసినవాణ్ణి, నాకు తెలుసు. కానీ సర్వేవాళ్ళు అడిగేది "ముఖ్యంగా దేనితో వండుతారు?" అని. జవాబు ఒక్కటే రాసుకుంటారు.

నీ వ్యాసం చివర బ్రాకెట్లో పెట్టిన వాక్యం చూడు: "మా నాయనమ్మ టీ, కూర గ్యాస్ మీద చేస్తుంది, అన్నానికీ స్నానం నీళ్ళకీ ఇంకా ఊక పొయ్యే." అమ్మాయ్, నీ వ్యాసం అదే! ఆ ఒక్క వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. సర్వేలో మీ ఇల్లు గ్యాస్ ఇల్లు. పెరట్లో పొయ్యి మాత్రం రోజూ వెలుగుతోంది. దాన్ని బ్రాకెట్లోంచి బయటికి తీసి మొదటి పేజీలో పెట్టు.

పొయ్యి సంగతి రాసేటప్పుడు ఇదీ గుర్తుంచుకో. మామూలు మట్టి పొయ్యిలో పది పాళ్ళ వేడిలో గిన్నెకి అందేది ఇంచుమించు ఒక పాలు. గ్యాస్ పొయ్యిలో సగానికి పైగా అందుతుంది. కాబట్టి ఒక ఇల్లు పూర్తిగా గ్యాస్‌కి మారితే పుస్తకంలో ఇంధనం బాగా పడిపోతుంది, ఉడికే అన్నం మాత్రం అంతే. ఈ లెక్క ఒక్క పేరాలో చెప్పగలిగితే నువ్వు రాయడం నేర్చుకున్నట్టే.

చెరకు, ధాన్యాల నుంచి తీసి పెట్రోలులో కలిపే ఇథనాల్‌కి మూడు పేజీలు ఇచ్చావు. పెట్రోలులో 2013-14లో 1.5 శాతం ఉన్న మిశ్రమం 2025కి 20 శాతానికి చేరడం గొప్పే. కానీ ఈ ఖాతాలో అది ఇంకా సన్నని పాయ. ఒక పేజీకి కుదించు. కొత్త ఇంధనం అనగానే ప్రత్యేక సంచికలు వేసేవాళ్ళని నేను చూశాను. 2003లో ప్రణాళికా సంఘం కమిటీ జట్రోఫాని, అంటే గింజల నూనెతో బయోడీజిల్ చేసే మొక్కని, పైకెత్తింది. 2011-12 కల్లా డీజిల్‌లో 20 శాతం బయోడీజిల్ అన్నారు. ఒక శాతం కూడా చేరలేదు. అప్పట్లో నన్నూ ఒకాయన వ్యాసం అడిగాడు. కొండ ఊళ్ళకి వెళ్ళి చూసి, నీళ్ళు లేనిచోట మొక్క బతుకుతోంది గానీ సరిగా కాయడం లేదని రాశాను. "ఆశావహంగా లేదు" అని తిప్పి పంపాడు.

మీ రాయగడ జిల్లాలోనే జె.కె.పూర్ కాగితం మిల్లు ఉంది. గుజ్జు వండగా మిగిలిన నల్ల ద్రవాన్ని బాయిలర్‌లో కాలుస్తారు. అదీ ఈ ఖాతాలోదే. ధాన్యంలో ఐదో వంతు ఊక. ఉప్పుడు బియ్యం మిల్లులు దాన్నే కాల్చి ధాన్యం ఉడకబెడతాయి. అదీ ఇక్కడిదే. వీటి గురించి నీ వ్యాసంలో ఒక్క మాట లేదు, గుణుపూర్ చుట్టూ ఇన్ని మిల్లులు పెట్టుకుని!

నువ్వడిగిన కలం పేరు సంగతి తర్వాత చూద్దాం. ముందు నాయనమ్మ దగ్గర కూర్చో. ఏ వంట దేని మీద చేస్తోంది, సిలిండర్ ఎన్నాళ్ళు వస్తోంది, ఊక బస్తా ఎంతకి కొంటోంది, ఎక్కణ్ణుంచి తెప్పిస్తోంది, అన్నీ అడిగి రాసుకో. ఒక బస్తా తూయించు. ఆ కాగితాలు చిత్తుప్రతి లాగే ఉన్నా సరే, దసరా లోపు పంపించు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు