కొనుక్కున్న క్లబ్ మెంబర్‌షిప్‌తో అమ్మానాన్నలు పార్ట్‌నర్ లాంజ్‌లో కూర్చోవచ్చా?

మీరు అడిగింది ఇది: షికాగోలో ఉద్యోగం, ఏడాదికి డబ్బు కట్టి యునైటెడ్ క్లబ్ (యునైటెడ్ ఎయిర్‌లైన్స్ వాళ్ల ఎయిర్‌పోర్ట్ లాంజ్‌లు) మెంబర్‌షిప్ తీసుకున్నారు. జడ్చర్ల నుంచి అమ్మానాన్న ఎండాకాలంలో ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా వస్తున్నారు. ఆ మెంబర్‌షిప్ చూపించి వాళ్లు హైదరాబాద్‌లోనూ ఫ్రాంక్‌ఫర్ట్‌లోనూ లాంజ్‌లో కూర్చోవచ్చా అని.

వాళ్లిద్దరే వస్తుంటే కుదరదు. మీరు వెంట ఉండి, మీ మెంబర్‌షిప్ పెద్ద రకందైతే, ఫ్రాంక్‌ఫర్ట్‌లో కుదరొచ్చు, కాకపోతే వెంట ఎంతమందిని రానిస్తారో ముందే చూసుకోండి. హైదరాబాద్ మాత్రం లెక్కలోంచి తీసేయండి.

మాది నల్లగొండ. నేనూ మీలాగే అమెరికాలో ఉంటాను, మీలాగే ఇదంతా తెలుసనుకుని రెండుసార్లు బోల్తా పడ్డాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నా.

ముందు మీ కార్డు ఏ రకమో చూసుకోండి. 2025లో యునైటెడ్ తన మెంబర్‌షిప్‌ను రెండుగా విడగొట్టింది. 750 డాలర్లది ఇండివిడ్యువల్, 1,400 డాలర్లది ఆల్ యాక్సెస్. చిన్నదానితో యునైటెడ్ సొంత క్లబ్‌లలోకి మాత్రమే వెళ్లగలరు. పార్ట్‌నర్ లాంజ్‌లు, అంటే యునైటెడ్ ఉన్న స్టార్ అలయన్స్ అనే విమాన కంపెనీల కూటమిలో మిగతా కంపెనీల లాంజ్‌లు కావాలంటే పెద్దది ఉండాలి, అంటే మన డబ్బుల్లో లక్ష దాటుతుంది. అంతకుముందు తీసుకున్నవాళ్లు పాత అలవాటు కొద్దీ "స్టార్ అలయన్స్ లాంజ్‌లన్నీ మనవే" అని ఇంకా చెబుతుంటారు. ఆ మాట నమ్మి టికెట్ బుక్ చేయకండి.

ఇక్కడే చాలామంది రెండు వేర్వేరు విషయాలను ఒకటిగా కలిపేస్తారు. గోల్డ్ హోదా వేరు, కొనుక్కున్న మెంబర్‌షిప్ వేరు. స్టార్ అలయన్స్ గోల్డ్ అనేది విమానాల్లో బాగా తిరిగి సంపాదించుకునేది. అది ఉన్నవాళ్లను కూటమిలోని ఏ కంపెనీ అయినా తన లాంజ్‌లోకి రానివ్వాలన్నది కూటమి మొత్తానికి ఉన్న నియమం. కొనుక్కున్నదానికి అలాంటి హామీ లేదు. ఏ లాంజ్ ఒప్పుకుందో అది మాత్రమే రానిస్తుంది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో బోర్డు మీద సెనేటర్ అని కనిపిస్తే అది లుఫ్తాన్సా వాళ్లు గోల్డ్ హోదా వాళ్ల కోసం పెట్టిన లాంజ్. అక్కడ క్యూలో నిలబడి టైమ్ పాడు చేసుకోకుండా బిజినెస్ లాంజ్ వైపు నడవండి. ఇందులో ఒక తమాషా ఉంది. యునైటెడ్ విమానాల్లోనే తిరిగి గోల్డ్ సంపాదించినవాడికి అమెరికా లోపల తిరిగే ప్రయాణాల్లో యునైటెడ్ క్లబ్‌లోకి ప్రవేశం లేదు. అందుకే అక్కడ అంత తిరిగేవాళ్లు కూడా మళ్లీ డబ్బు పెట్టి మెంబర్‌షిప్ కొంటారు.

మిగతా కంపెనీల సంగతి రెండు ముక్కల్లో చెప్తా. అమెరికన్ ఎయిర్‌లైన్స్ వాళ్ల అడ్మిరల్స్ క్లబ్‌కు ఖాంటాస్, అలాస్కా లాంటి కొన్ని విమాన కంపెనీలతో ఒప్పందం ఉంది, అంతేగాని వన్‌వరల్డ్ కూటమి అంతటా అది చెల్లదు. డెల్టా అయితే తన మెడాలియన్ హోదా (గోల్డ్ లాంటిదే) ఉన్నవాళ్లకే స్కై క్లబ్ మెంబర్‌షిప్ అమ్ముతుంది.

ఇప్పుడు నా కథ. ఒకసారి సెలవులకు వచ్చి, తిరిగి వెళ్లేటప్పుడు అమ్మను వెంట తీసుకెళ్లాను. నా దగ్గర పార్ట్‌నర్ లాంజ్‌లు కలిసిన మెంబర్‌షిప్ ఉంది, ఏ కంపెనీదో వదిలేద్దాం. యూరప్‌లో ఒక పెద్ద ఎయిర్‌పోర్ట్‌లో ఐదు గంటలు ఆగాలి. ఫోన్‌లో చూస్తే లాంజ్ పేరు, పక్కన మీరు అర్హులు అని ఆకుపచ్చ గుర్తు. ఇంకేం, అమ్మను నడిపించుకుంటూ బయల్దేరాను. ఆమెకు మోకాళ్ల నొప్పులు. ఇరవై నిమిషాలు నడిచాక ఎదురుగా పాస్‌పోర్ట్ కంట్రోల్ వచ్చింది. ఆ లాంజ్ ఉన్నది షెంజెన్ వైపు, అంటే ఒకే వీసాతో తిరిగే యూరప్ దేశాల విమానాల వైపు. అక్కడికి వెళ్లాలంటే ఆ దేశంలోకి అడుగు పెట్టినట్టే, మా ఇద్దరివీ ఇండియన్ పాస్‌పోర్టులు, షెంజెన్ వీసా లేదు. తప్పు ఎవరిదీ కాదు, నాదే. లాంజ్‌లోకి అర్హత ఉందా అని చూశాను గానీ, లాంజ్ దాకా వెళ్లే అర్హత ఉందా అని చూడలేదు.

అమ్మ అక్కడే కుర్చీలో కూలబడి అడిగింది: "పైసలు గట్టినవ్ గదరా, మరి ఎందుకు పోనిస్తలేరు?" దానికి నా దగ్గర జవాబు లేదు.

ఫ్రాంక్‌ఫర్ట్‌లో మీకూ ఇదే వస్తుంది. ఒకటో టెర్మినల్‌లో ఎ గేట్లు షెంజెన్ వైపు, వాటి పై అంతస్తులోని జెడ్ గేట్లు బయటి దేశాల వైపు, బి గేట్లలోనూ ఎక్కువ భాగం బయటి దేశాలవే. హైదరాబాద్ నుంచి దిగి అమెరికా విమానం ఎక్కేవాళ్లకు జెడ్, బి వైపు ఉన్న లాంజ్‌లే పనికొస్తాయి. ఎ వైపు ఎంత మంచి లాంజ్ ఉన్నా మనకు లేనట్టే. స్టార్ అలయన్స్ వెబ్‌సైట్‌లో లాంజ్ ఫైండర్ ఉంటుంది. ఎయిర్‌పోర్ట్ పేరు కొట్టి ఒక్కో లాంజ్ తెరిస్తే అది ఏ గేట్ల దగ్గర ఉందో, ఎవరిని రానిస్తారో రాసి ఉంటుంది. యాప్‌లో ఆకుపచ్చ గుర్తు కంటే నేను ఆ పేజీనే నమ్ముతాను. బయల్దేరే ముందు స్క్రీన్‌షాట్ తీసుకుని పెట్టుకుంటాను కూడా, ఎందుకంటే తలుపు దగ్గర మాట తేడా వస్తే చూపించడానికి ఏదో ఒకటి చేతిలో ఉండాలి.

సరే, మా కథలో ఆ రోజు ఇంకో లాంజ్ మా వైపే దొరికింది. కౌంటర్ దగ్గర కూర్చున్నామె నా మెంబర్‌షిప్ చూసింది, నా బోర్డింగ్ పాస్ చూసింది, ఆ తర్వాత అమ్మ బోర్డింగ్ పాస్ అడిగింది. ఇది గుర్తుపెట్టుకోండి. వెంట తీసుకెళ్లే మనిషికి కూడా అదే రోజు అదే ఎయిర్‌పోర్ట్ నుంచి అదే కూటమి విమానం ఉండాలి. మా ఇద్దరిదీ ఒకే విమానం కాబట్టి రానిచ్చింది. మా చిన్నాయన కొడుకు ఒకసారి ఇదే ధీమాతో వెళ్తే, అతని వెంట ఉన్న స్నేహితుడిది గల్ఫ్ కంపెనీ టికెట్. ఇతణ్ని రమ్మని అతణ్ని బయట ఆపారట. ఇద్దరూ బయటే కూర్చున్నారు.

లోపల ఏముందని అడుగుతారేమో. బ్రెడ్డు, చీజు, చల్లటి మాంసం ముక్కలు, సూప్. ఆ రోజు శనివారం, అమ్మ నీసు ముట్టదు. సూప్‌లో ఏముందో మూడుసార్లు అడిగించి, చివరికి ఒక అరటిపండు, కాఫీ తీసుకుని, సంచిలోంచి సకినాలు బయటికి తీసింది. పక్క సోఫాలో కూర్చున్న తెల్లాయన చూస్తుంటే ఆయనకూ రెండు పెట్టింది. ఆయన తిన్నాడు కూడా. గోంగూర పచ్చడి మాత్రం హ్యాండ్ బ్యాగులో పెట్టకండి. సెక్యూరిటీ లెక్కలో అది ద్రవపదార్థం కిందికే వస్తుంది, వంద మిల్లీలీటర్లు దాటిన సీసా అయితే చెత్తబుట్టలోకే పోతుంది. మాది అలా పోయింది. లాంజ్ దొరకనప్పటి కంటే అప్పుడే అమ్మకు ఎక్కువ కోపం వచ్చింది.

నిజానికి ఆమెకు అక్కడ బాగా నచ్చింది తిండి కాదు. శుభ్రమైన బాత్‌రూమ్, కాళ్లు చాపుకునే కుర్చీ. పెద్దవాళ్లకు లాంజ్ కావాల్సింది అందుకే అని నాకు అప్పుడే అర్థమైంది.

రెండోసారి బోల్తా పడింది మరుసటి ఏడాది. అమ్మా, నాయినా ఇద్దరే వస్తున్నారు. మా బావ ఒక సలహా ఇచ్చాడు, నీ మెంబర్‌షిప్ క్యూఆర్ కోడ్ ఫొటో వాళ్ల ఫోన్‌కు పంపు, స్కాన్ అయితే చాలు, ఎవడు చూస్తాడు అని. నేనూ పంపాను. కౌంటర్ దగ్గర అడిగిన మొదటి మాట "మెంబర్ ఎక్కడ?" నాయినకు ఇంగ్లిష్ అంతంత మాత్రం, మా కొడుకు అని ఫోన్ చూపించాడు. మెంబర్‌షిప్ మీద పేరు వేరు, బోర్డింగ్ పాస్ మీద పేరు వేరు. వెనక్కి పంపారు. వాళ్లు మర్యాదగానే చెప్పారు గానీ, నాయిన దాన్ని అవమానంగా తీసుకుని రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. మీరు దయచేసి ఈ పని చేయకండి. మెంబర్‌షిప్ మనిషికి కట్టుబడి ఉంటుంది. అమ్మానాన్న కోసం డబ్బు కట్టింది మనమే అయినా, మనం పక్కన లేకపోతే తలుపు దగ్గర వాళ్లు ఎవరో, మనం ఎవరో.

హైదరాబాద్ సంగతికి వస్తే, షంషాబాద్‌లో మీరు వాడాలనుకున్నది విమాన కంపెనీ సొంత లాంజ్ కాదు. బయటి సంస్థ నడిపే లాంజ్‌తో కంపెనీలు మాట్లాడుకుని, బిజినెస్ క్లాస్ వాళ్లకు, గోల్డ్ వాళ్లకు చెక్ఇన్ దగ్గర చీటీ ఇస్తాయి. కొనుక్కున్న మెంబర్‌షిప్‌కు అలాంటి చీటీ రాదు. నేనైతే అక్కడ ఆ కార్డు బయటికి కూడా తీయను. ఇండియా బ్యాంకు క్రెడిట్ కార్డు ఉంటే దానితో ప్రయత్నించండి. అందులోనూ ఒక మెలిక ఉంది. చాలా కార్డులు డొమెస్టిక్ లాంజ్‌కే ఇస్తాయి, ఇంటర్నేషనల్ వైపు ఉన్న లాంజ్‌కు ప్రయారిటీ పాస్ లాంటి లాంజ్ కార్డు వేరేగా ఉండాలి. మూడు నెలల్లో ఇంత ఖర్చు చేస్తేనే అనే షరతు పెట్టిన బ్యాంకులూ ఉన్నాయి. కార్డు కూడా ప్రయాణం చేసేవాళ్ల పేరు మీదే ఉండాలి. ఏదీ లేకపోతే లాంజ్ వాళ్లకే నేరుగా డబ్బు కట్టి లోపలికి వెళ్లొచ్చు. లక్ష పెట్టి మెంబర్‌షిప్ కొనడం కంటే అదే చౌక.

ఇంకో విషయం మన ప్రాంతం వాళ్లకే ఎక్కువ. విమానం అర్ధరాత్రి దాటాక అయితే మేము సాయంత్రం ఆరింటికే బయల్దేరతాం. నార్కట్‌పల్లి, చిట్యాల, చౌటుప్పల్ దాటి, పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ ఎక్కి షంషాబాద్‌లో దిగుతాం. సాగనంపడానికి రెండు కార్ల జనం. మీకు జడ్చర్ల నుంచి బెంగళూరు హైవే మీద షాద్‌నగర్ దాటితే వచ్చేసినట్టే, అయినా మీవాళ్లు కూడా ముందే బయల్దేరదీస్తారని నాకు తెలుసు. అంత ముందు వెళ్తే లాంజ్‌లో కూర్చోవచ్చులే అనుకోకండి. లాంజ్ ఇమిగ్రేషన్ దాటాక ఉంటుంది. సామాను తీసుకునే కౌంటర్ తెరిచేది మూడు నాలుగు గంటల ముందు. అంతవరకు బయట బెంచీలే గతి. ఒక మంచి నియమం మాత్రం ఉంది. స్టార్ అలయన్స్‌లో అదే రోజు అంటే మరుసటి రోజు తెల్లవారుజామున ఐదు వరకు బయల్దేరే విమానం కూడా లెక్కే. కాబట్టి తేదీ మారిందని మిమ్మల్ని ఆపరు. దిగిన తర్వాత మాత్రం లాంజ్ ఆశ పెట్టుకోకండి, పార్ట్‌నర్ లాంజ్‌లు విమానం ఎక్కబోయేవాళ్లకే.

టికెట్ ఇంకా కొనకపోతే ఇంకో మాట. మన దగ్గర చాలామంది తల్లిదండ్రులను ఎమిరేట్స్, ఖతార్ మీద పంపుతారు, సామాను, తిండి, మన భాష మాట్లాడేవాళ్లు ఉంటారని. మీ మెంబర్‌షిప్‌ను బట్టి టికెట్ మార్చకండి. ఎమిరేట్స్ ఏ కూటమిలోనూ లేదు, ఖతార్ ఉన్నది వన్‌వరల్డ్‌లో, మీది స్టార్ అలయన్స్. అక్కడ మీ కార్డు పనికిరాదు. దోహాలో అల్ మహా అనే లాంజ్‌లో డబ్బు కట్టి కూర్చోవచ్చు, దుబాయ్‌లోనూ ఎమిరేట్స్ తన లాంజ్‌లోకి డబ్బు తీసుకుని రానిస్తుంది. వాటిని ముందే ఆన్‌లైన్‌లో వాళ్ల పేరు మీద బుక్ చేసి, ప్రింట్ చేతికివ్వండి.

మీ పరిస్థితిలో నేనైతే 650 డాలర్లు అదనంగా పెట్టి పెద్ద మెంబర్‌షిప్‌కు మారను. మీరు ఏడాదికి నాలుగైదు సార్లు యూరప్ మీదుగా తిరిగేవారైతే అది వేరే లెక్క. అమ్మానాన్న ఒక్క ప్రయాణం కోసమైతే ఆ డబ్బుతో కాళ్లు చాపుకునే వరుసలో సీట్లు కొనండి, మధ్యలో ఆగే టైమ్ మూడు గంటలకు తగ్గేలా టికెట్ చూడండి. నడవడం కష్టమైతే వీల్‌చైర్ సాయం కావాలని రెండు రోజుల ముందే కంపెనీకి చెప్పండి, అవసరమున్నవాళ్లకు దానికి డబ్బు తీసుకోరు. గేటు దాకా వాళ్లే తీసుకెళ్తారు, ఇంగ్లిష్ రాదనే టెన్షన్ కూడా సగం తగ్గుతుంది.

మూడోసారి మావాళ్లు అలాగే వచ్చారు. నాయిన ఎయిర్‌పోర్ట్ వైఫై పట్టుకుని గేటు దగ్గరి నుంచి వీడియో కాల్ చేశాడు. వీల్‌చైర్ తోసిన పిల్లగాడు పంజాబీ అట, హిందీలో బాగా కలిసిపోయారు. అమ్మ పక్కన సకినాల డబ్బా తెరిచి ఉంది. "లాంజూ గీంజూ ఏమొద్దు, మంచిగనే ఉన్నం, చాయే జర పిరమున్నది" అన్నాడు.