చీటీలో జబ్బు పేరు రాయించండి

పెద్దలున్న ఇల్లు: పాఠకుల ప్రశ్నలు
జవాబులు: అనంతపురానికి చెందిన ఒక విశ్రాంత ప్రభుత్వ వైద్యుడు

ప్రశ్న: డాక్టరుగారూ, మా మామకు డెబ్భై నాలుగేళ్లు. రెండేళ్లుగా మతిమరుపు. ఇప్పుడు రాత్రి రెండు గంటలకు లేచి, కట్టె చేతబట్టుకొని, శెనక్కాయ కళ్లం కాడ కాపలాకు పోవాలంటాడు. ఆ చేను అమ్మి పన్నెండేళ్లయింది. సంగటి తిని చేయి కడుక్కున్న పది నిమిషాలకే అరుగు మీద కూర్చొని, కోడలు కూడు పెట్టలేదని దారిన పోయేవాళ్లకు చెబుతాడు. బెంగళూరులో ఉండే మా మరిది ఫోన్ చేస్తే మాత్రం చక్కగా మాట్లాడతాడు. 'నాయన బాగానే ఉన్నాడు, నువ్వే సరిగ్గా చూడటం లేదు వదినా' అంటాడు మరిది. చూపించిన చోట 'వయసు కదమ్మా' అని బలం మాత్రలు రాసిచ్చారు. నిద్ర లేక నాకే ఏదైనా అవుతుందేమోనని భయంగా ఉంది.
— ఒక కోడలు, కళ్యాణదుర్గం ప్రాంతం

జవాబు: అమ్మా, ముందు మీ మరిది సంగతి. మీరు చెప్పేదాన్ని బట్టి ఇది అల్జీమర్స్ లాంటి మతిమరుపు జబ్బులా ఉంది. ఫోన్లో ఐదు నిమిషాలు ఈ జబ్బున్నవాళ్లు చాలామంది బాగానే మాట్లాడతారు. 'బాగుండావా నాయనా, వానలు పడినాయా' లాంటివి నోటికి అలవాటైన మాటలు, వాటికి జ్ఞాపకంతో పెద్దగా పని లేదు. అతన్ని పది రోజులు సెలవు పెట్టి వచ్చి, మీ మామ పక్కన మంచం వేసుకోమనండి. ఆ పది రోజులూ మీరు పుట్టింటికి పోండి. పరాచికానికి చెప్పడం లేదు.

మీ మామ అబద్ధమాడటం లేదు, మిమ్మల్ని సాధించడమూ లేదు. ఈ జబ్బులో కొత్త సంగతులను నిలబెట్టే మెదడు భాగం ముందుగా దెబ్బతింటుంది. ఇప్పుడు తిన్న సంగటి అక్కడ నిలవలేదు, ఏళ్ల తరబడి కాసిన కళ్లం మాత్రం నిలిచింది. 'చేను అమ్మేశాం కదా మామా' అంటే ఆయనకది ప్రతి రాత్రీ కొత్త కబురే. 'ఈ రాత్రికి జీతగాడు కళ్లం కాడే పండుకున్నాడు, తెల్లారి నువ్వు పోదువులే' అనండి. అబద్ధం చెప్పమంటారా అని చాలామంది అడుగుతారు. చెప్పమనే అంటాను. తిన్న తట్టను వెంటనే కడగకండి, కాసేపు ఆయన పక్కనే ఉండనివ్వండి. తలుపుకు బయట గొలుసు పెట్టొద్దు, నిప్పంటుకుంటే దిక్కుండదు. పాత ఎద్దు గంట ఉంటే లోపలి గడియకు కట్టండి, కదిలితే మీకు వినబడుతుంది. చొక్కా జేబులోపల మీ ఫోన్ నంబరు రాసిన గుడ్డముక్క కుట్టండి.

ఇక 'వయసు కదమ్మా' అన్న మాట. అది నేనూ అన్నాను, అదీ మా అమ్మ విషయంలో. ఒక ఉగాదికి ఓళిగలకు పూర్ణం రుబ్బి, పిండి ముద్ద చేతిలో పెట్టుకొని, 'ఇప్పుడేం చేయాలప్పా?' అని నన్నడిగింది. యాభై ఏళ్లుగా ఓళిగలు తట్టిన చేయి అది. నేను నవ్వి, చాదస్తమన్నాను. ఓపీలో రోజూ పదులమందికి నాడి పట్టే మనిషిని! మరో రెండేళ్లకు గానీ ఆమెను బెంగళూరులోని మెదడు, నరాల ఆసుపత్రి నిమ్హాన్స్‌కు తీసుకుపోలేదు.

మతిమరుపంతా అల్జీమర్స్ కాదు. థైరాయిడ్ మందగించినా, బి12 తగ్గినా, మనసు కుంగినా, ఎప్పుడో పడి తలలో రక్తం గడ్డకట్టినా ఇలాగే కనిపించవచ్చు, వీటికి వైద్యం ఉంది. అందుకే రక్తపరీక్షలు, తల స్కానింగ్ చేయించాలి. ఆయన వాడే మాత్రలన్నీ సంచిలో వేసుకొని పోండి. నిద్రమాత్రలు, కొన్ని రకాల అలర్జీ మాత్రలు మతిమరుపును పెంచుతాయి. అల్జీమర్సే అని తేలితే డొనెపెజిల్, మెమాంటిన్ వంటి మందులున్నాయి. నయం చేయవు. కొందరికి కొంతకాలం కాస్త తేరుకున్నట్టు ఉంటుంది. పూర్తిగా తగ్గిస్తామని డబ్బు గుంజేవాళ్ల జోలికి పోకండి.

డాక్టరు గదిలోంచి బయటికొచ్చే ముందు మాత్రం, చీటీలో జబ్బు పేరు రాయమనండి. 'వయోభారం' అని కాదు, డిమెన్షియా అయితే డిమెన్షియా అని. ఇలాంటి మతిమరుపు జబ్బులన్నిటికీ కలిపి డిమెన్షియా అంటారు, అల్జీమర్స్ అందులో ఒకటి. ఆ పేరు ఎలా వచ్చిందో చూడండి. 1901లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో యాభై ఒకటేళ్ల ఆవిడను ఆసుపత్రికి తెచ్చారు. అడిగిన ప్రశ్ననూ ఆమె చెప్పిన జవాబునూ అలోయిస్ అల్జీమర్ అనే వైద్యుడు రాసిపెట్టుకున్నాడు. ఆమె 1906లో పోయాక మెదడును పరీక్షించి, అదే ఏడాది తోటి వైద్యులకు వివరించాడు. ఆ పాత ఫైలు 1995లో మళ్లీ దొరికింది. ఆయన కూడా 'ఏదో మతి చెడింది' అని రాసి ఊరుకుంటే అల్జీమర్స్ జబ్బుకు ఆయన పేరు వచ్చేదే కాదు.

మన దేశంలో అరవై దాటినవాళ్లలో నూటికి ఏడుగురికి పైగా, అంటే దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వెలువడిన సర్వే అంచనా. మీ పల్లెలో పెద్దవాళ్లు రెండు వందల మంది ఉంటే, ఆ లెక్కన పద్నాలుగు పదిహేను మంది. ఊళ్లో విచారించి చూడండి, ఒక్కరూ లేరంటారు. ఆశా కార్యకర్త ఇంటింటికీ తెచ్చే ఫారంలో అరవై దాటినవాళ్ల కోసం ఒక ప్రశ్న ఉంది: దగ్గరివాళ్ల పేర్లు, సొంత ఇంటి చిరునామా మరిచిపోతున్నారా అని. మనమేమో పరువు పోతుందని 'ఏం లేదమ్మా, బాగున్నాడు' అంటాం. ఈసారి అవునని చెప్పండి, గడిలో పడిందో లేదో చూడండి. కేరళ 2014లోనే దీనికి సొంత పథకం పెట్టుకుంది. ఒకటో తేదీ పింఛనుకు మనిషి గడప దాకా వచ్చే మన రాష్ట్రంలో ఇది కాని పనా? ఏరియా ఆసుపత్రిలో నెలకు రెండు రోజులైనా మతిమరుపు ఓపీ పెట్టమని, పగటిపూట పెద్దలను చూసుకునే చోటు ఒకటి కావాలని సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇవ్వండి. చీటీ నకలు జతచేయండి. కాగితం లేని బాధను ఆఫీసులు బాధ అనుకోవు, ముప్పై ఏళ్లు సర్కారు కొలువు చేసి చెబుతున్నా.

మీ నిద్ర సంగతి: రాత్రి కాపలా మీరొక్కరే కాయకండి, మీ ఆయనతో వంతు వేసుకోండి. గుండె బరువెక్కితే మనసు బాధలకు సర్కారు పెట్టిన ఫోన్ సాయం టెలీ మానస్ 14416కు చేయండి, తెలుగులోనే మాట్లాడతారు. వృద్ధుల సాయానికి 14567 ఉంది.

ప్రశ్న: సెప్టెంబరు 21 ప్రపంచ అల్జీమర్స్ దినం కదా సార్. మా కాలేజీ పిల్లలతో కడప ఏడు రోడ్ల కూడలి దాకా ర్యాలీ చేయాలనుకుంటున్నాం. ఏమైనా సలహా?
— ఒక అధ్యాపకుడు, కడప

జవాబు: చేయండి. కానీ ఫొటోలు దిగి ఇళ్లకు పోతే ఏం లాభం? ముందు వారమే ఒక్కొక్కరినీ తమ జేజి దగ్గర, అబ్బ దగ్గర అరగంట కూర్చోమనండి. వారమేమిటి, పొద్దున ఏం తిన్నారు, చెవులు బాగా వినబడుతున్నాయా, ఇవి అడిగితే చాలు. వినికిడి తగ్గడం కూడా ఈ జబ్బు ముప్పు పెంచేవాటిలో ఒకటి, అది మనవాళ్లు అసలు పట్టించుకోరు. తేడా అనిపించినవాళ్ల సంగతి ఇంట్లోవాళ్లతో మాట్లాడి, వాళ్లు ఒప్పుకుంటే ఆశా కార్యకర్తకు చెప్పండి.

బ్యానరు మీద 'మతి చెడినవాళ్లు' అని రాయొద్దు. పెద్దవాళ్లను పిలిస్తే పొద్దున పది గంటల్లోపే ముగించండి, కడప ఎండ సెప్టెంబరులోనూ తక్కువేం కాదు.