వారెన్ మూన్ యార్డులు రెండు చోట్ల రెండు రకాలుగా ఎందుకున్నాయంటే

వారెన్ మూన్ అమెరికన్ ఫుట్‌బాల్ క్వార్టర్‌బ్యాక్, అంటే బంతిని పాస్ వేసి ఆట నడిపే ఆటగాడు. ఆయన పాస్‌లతో సాధించిన యార్డులు (గజాలు) ఒకచోట 49,325, ఇంకోచోట 70,553 అని ఎందుకున్నాయని మీ ఆర్టికల్ కోసం అడిగారు. రెండు లెక్కలూ కరెక్టే అండి, తేడా లీగ్‌ది. మీరు చూసిన 49,325 యార్డులు ఒక్క అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌వి. 70,553 అంటే దానికి కెనడాలో ఆడిన 21,228 కలిపిన మొత్తం.

అందరూ మిస్సయ్యేది ఒకటే, కెరీర్‌ని 1984లో హ్యూస్టన్ ఆయిలర్స్‌తో మొదలుపెడతారు. అది తప్పు. 1978లో రోజ్ బౌల్ అనే కాలేజీ మ్యాచ్ గెలిపించి ఎంవీపీ (మ్యాచ్‌లో అత్యుత్తమ ఆటగాడు) అయినా ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో (టీమ్‌లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే చోట) ఒక్క టీమూ తీసుకోలేదు, నల్లజాతి కుర్రాడు క్వార్టర్‌బ్యాక్‌గా పనికిరాడు వేరే పొజిషన్‌కి మారమనే రోజులవి, ఆయన మారనని కెనడాలోని ఎడ్మంటన్ టీమ్‌కి వెళ్లి 1978 నుంచి 1982 వరకు వరసగా ఐదు గ్రే కప్పులు (కెనడా లీగ్ టైటిళ్లు) గెలిచిన టీమ్‌లో ఉన్నాడు. నాకైతే కెనడాలో ఆడిన ఆ ఆరేళ్లే (1978-83) ఆయన కెరీర్‌కి గుండెకాయ. దయచేసి మీ ఆర్టికల్‌లో దాన్ని ఒక్క లైన్లో తేల్చేయకండి.

ఇలా చేయండి:

1. 1978-83 కెనడా, 1984-2000 ఎన్‌ఎఫ్‌ఎల్ అని రెండు వరసలు వేయండి.
2. టచ్‌డౌన్లు కూడా అలాగే, కెనడాలో 144, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 291, మొత్తం 435.
3. ప్లేఆఫ్, గ్రే కప్ మ్యాచ్‌ల యార్డులు వీటిలో కలపొద్దు, ఇవి రెగ్యులర్ సీజన్‌వి మాత్రమే.
4. 1983లో కెనడాలో కొట్టిన 5,648 యార్డులని ఎన్‌ఎఫ్‌ఎల్ సీజన్లతో నేరుగా పోల్చకండి. కెనడాలో గ్రౌండ్ 110 గజాలు, టీమ్‌కి 12 మంది, పది గజాలు ముందుకెళ్లడానికి మూడే డౌన్లు (ప్రయత్నాలు), అందుకే పాస్‌లు ఎక్కువ వేస్తారు.

మొత్తం రాసేటప్పుడు పక్కనే "రెండు లీగ్‌లు కలిపి" అని పెట్టండి చాలు.